హోస్టింగ్ కంపెనీ మా సర్వర్‌ని ఆపేసింది: అబ్యూస్ నోటీసు నుంచి మళ్ళీ ఆన్ అయ్యేదాకా నా అనుభవం

ఈ ఆగస్టులో మేము నడిపే రక్తదాతల సైట్‌ని హోస్టింగ్ కంపెనీ సస్పెండ్ చేసేసింది, ఏయూపీ ఉల్లంఘన అని కారణం రాసి. ఏయూపీ అంటే యాక్సెప్టబుల్ యూజ్ పాలసీ, అకౌంట్ తెరిచేటప్పుడు అందరం టిక్ పెట్టేసి ముందుకెళ్ళిపోతామే ఆ పేజీ. అలాంటి నోటీసు వస్తే నిజంగా ఏమవుతుంది, ఎవరితో మాట్లాడాలి, ఎంత టైమ్ పడుతుంది అని ఆరోజు నేను చాలా వెతికాను, దొరికినవన్నీ కంపెనీల హెల్ప్ పేజీలే, అందులోంచి బయటపడ్డవాళ్ళు రాసింది పెద్దగా కనపడలేదు. అందుకే అన్నీ ఇంకా గుర్తుండగానే వరసగా రాసి పెడుతున్నా.

మా సెటప్ గురించి రెండు ముక్కలు. ఒక వీపీఎస్ (హోస్టింగ్ కంపెనీ దగ్గర అద్దెకి తీసుకునే వర్చువల్ సర్వర్), దాని మీద దాతలు పేరు నమోదు చేసుకునే సైట్, వాళ్ళకి మెయిళ్ళు పంపే ఏర్పాటు, పక్కనే క్యాంపుల ఫోటోలు వార్తలు పెట్టుకునే చిన్న వర్డ్‌ప్రెస్ సైట్ (వర్డ్‌ప్రెస్ అంటే సైట్లు తయారుచేసి నడుపుకునే సాఫ్ట్‌వేర్). అందరం వాలంటీర్లమే, ఉద్యోగాలు చేసుకుంటూ ఖాళీ టైమ్‌లో చూసుకుంటాం, సర్వర్ పని నాది.

నోటీసు వచ్చింది గురువారం రాత్రి. నాకు తెలిసింది శుక్రవారం పొద్దున, అదీ నోటీసు చూసి కాదు. మా టీమ్‌లో కుర్రాడు ఫోన్ చేసి "అక్కా, సైట్ ఓపెన్ అవట్లేదు, ఎవరికో అర్జెంటుగా ప్లేట్‌లెట్స్ కావాలంట, లిస్ట్ ఎలా తీయాలి" అన్నాడు. గుండె జారిపోయింది. నెలకోసారి దాతల లిస్ట్‌ని షీట్‌లోకి దించి ఇద్దరి దగ్గర విడిగా పెట్టుకునే అలవాటు ఉంది కాబట్టి దాంట్లోంచి నంబర్లు తీసి ఆ పని అయితే అయింది, ఆ షీట్ లేకపోతే ఏం చేసేవాళ్ళమో నాకు ఇప్పటికీ ఊహించుకోబుద్ధి కాదు.

సైట్ రావట్లేదు సరే, సర్వర్‌కి పింగ్ లేదు, అంటే పలకరిస్తే జవాబే లేదు, దూరం నుంచి లోపలికెళ్ళి పనిచేసుకునే ఎస్‌ఎస్‌హెచ్ కూడా లేదు. నేను హార్డ్‌వేర్ పోయిందేమో అనుకున్నా. హోస్టింగ్ ప్యానెల్‌లోకి వెళ్ళి చూద్దామంటే ఓటీపీ అడిగింది, ఆ ఓటీపీ వెళ్ళేది అకౌంట్‌లో రిజిస్టర్ అయిన మెయిల్‌కి, ఆ మెయిల్ మా సొంత డొమైన్‌ది, ఆ డొమైన్ మెయిల్‌బాక్స్ ఉన్నది ఇప్పుడు ఆగిపోయిన అదే సర్వర్ మీద! అకౌంట్ తెరిచిన పాత వాలంటీర్ సంస్థ పేరుతోనే మెయిల్ ఉండాలని అలా పెట్టారు, ఆయన ఉద్దేశం మంచిదే. కానీ దాని ఫలితం ఏంటంటే నోటీసు కూడా ఆ బాక్స్‌కే వచ్చింది, ఎవరూ చూడకముందే సర్వర్ ఆగింది, ఆగాక ఆ నోటీసు చదివే దారి లేదు. దయచేసి ఈ ఒక్కటి ఇవాళే చూసుకోండి, హోస్టింగ్ అకౌంట్‌లో ఉన్న కాంటాక్ట్ మెయిల్ ఆ హోస్టింగ్ మీద ఆధారపడనిదై ఉండాలి, ఇంకో ఇద్దరికి కూడా కాపీ వెళ్ళేలా ఉండాలి.

సపోర్ట్ చాట్‌లో వాళ్ళు మొదట ఏమీ చెప్పలేదు, అకౌంట్ ఓనర్ మీరేనని నిరూపించండి అన్నారు. చివరి ఇన్వాయిస్ నంబర్, డబ్బు కట్టిన కార్డు చివరి నాలుగు అంకెలు, సంస్థ తరఫున ఒక లెటర్. ఇన్వాయిస్‌లు మా ట్రెజరర్ గారి దగ్గర పీడీఎఫ్‌లుగా ఉన్నాయి, ఆవిడ మీటింగ్‌లో ఉన్నారు, కార్డు ఇంకొకరిది. ఇదంతా పోగుచేసి పంపి, వాళ్ళు చూసి కాంటాక్ట్ మెయిల్ మార్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అప్పుడు కనపడింది అసలు టికెట్, అంటే ఈ విషయం మీద వాళ్ళు తెరిచిన ఫిర్యాదు పేజీ.

నోటీసు చాలా పొడిగా ఉంది. మీ ఐపీ (ఇంటర్నెట్‌లో సర్వర్ అడ్రస్) నుంచి ఫిషింగ్ పేజీ, అంటే జనం పాస్‌వర్డ్‌లు కొట్టేసే నకిలీ పేజీ, నడుస్తోందని ఫిర్యాదు వచ్చింది, ఇదీ లింక్, ఇదీ టైమ్, ఇదీ స్క్రీన్‌షాట్, పాలసీలో ఫలానా క్లాజు, జవాబివ్వండి అని. స్క్రీన్‌షాట్‌లో ఏదో బ్యాంక్ లాగిన్ పేజీకి నకలు, కింద అడ్రస్ బార్‌లో మా వార్తల సైట్ పేరు. దాన్ని చూసినప్పుడు వచ్చిన బాధ చెప్పలేను, రక్తం ఇవ్వడానికి జనం నమ్మి వచ్చే పేరు మీద ఎవడో దొంగ పేజీ పెట్టాడు. మామూలు ఫిర్యాదులకైతే 24 గంటలు టైమ్ ఇస్తారట, ఫిషింగ్, మాల్‌వేర్, చుట్టుపక్కల వాళ్ళకి నష్టం చేసేవి అయితే ముందు ఆపి తర్వాత మాట్లాడే హక్కు వాళ్ళకి ఉంటుందని అదే పాలసీలో ఉంది.

ఇంకో చిన్న సంగతి, నోటీసులో టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక టైమ్‌లో ఉంటుంది. మా సర్వర్ లాగ్స్ (ఎప్పుడు ఏం జరిగిందో సర్వర్ రాసుకునే ఫైళ్ళు) వేరే టైమ్‌జోన్‌లో ఉన్నాయి, అది గమనించేదాకా లాగ్స్‌లో ఆ టైమ్‌కి ఏమీ కనపడక కాసేపు అయోమయంగా ఉంది.

నేను కోపంగా ఉన్నా. మేము చేయలేదు కదా, మేమే బాధితులం కదా, రక్తదాతల సైట్‌ని ఇలా ఆపేస్తారా అని టికెట్‌లో రాశా. అబ్యూస్ టీమ్ (హోస్టింగ్ కంపెనీలో ఇలాంటి ఫిర్యాదులు చూసేవాళ్ళు) నుంచి జవాబు సాయంత్రానికి వచ్చింది, మర్యాదగానే రాశారు. మీరు చేశారని మేము అనట్లేదు, మీ అకౌంట్ నుంచి బయటికి ఏం వెళ్తోందో దానికి మాత్రం మీరు బాధ్యులు, అది మీ పని అయినా, మీ యూజర్ పని అయినా, లోపలికి చొరబడ్డవాడి పని అయినా. ఎలా జరిగింది, ఏం తీసేశారు, మళ్ళీ జరగకుండా ఏం చేశారు, ఈ మూడూ చెప్పండి చాలు అన్నారు. దాని గురించి ఆలోచిస్తే నాకు వాళ్ళ బాధ అర్థమైంది. ఫిర్యాదులు పట్టించుకోని కంపెనీ అని పేరు పడితే బ్లాక్‌లిస్టులు (ఈ ఐపీల నుంచి మెయిళ్ళు తీసుకోవద్దని చెప్పే జాబితాలు) ఒక్క ఐపీతో ఆగవు, ఆ పక్కన ఉన్న రేంజ్ మొత్తం ఎక్కించే సందర్భాలుంటాయి, అప్పుడు మాకు ఏ సంబంధం లేని వందల మంది కస్టమర్ల మెయిళ్ళు కూడా ఆగుతాయి. ఒకే వాటర్ ట్యాంక్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్ పైపు నుంచి మురుగు కలుస్తుంటే ముందు ఆ పైపు కట్టేయాల్సిందే కదా.

నెట్‌వర్క్ పూర్తిగా తెరవలేదు, రెస్క్యూ మోడ్ ఇచ్చారు, అంటే వేరే చిన్న సిస్టమ్ బూట్ అయ్యి మన డిస్క్ దానికి తగిలించి ఉంటుంది, బ్రౌజర్‌లో ఒక కన్సోల్, అందులోంచే పని. కాపీ పేస్ట్ కూడా సరిగ్గా పనిచేయదు దాంట్లో, ప్రతి కమాండూ టైప్ చేసుకోవాలి. ఏదీ డిలీట్ చేయకముందే స్నాప్‌షాట్ (డిస్క్ ఉన్నదున్నట్టు మొత్తం కాపీ) తీయండి అని అబ్యూస్ టీమే చెప్పింది, తర్వాత ఏమైనా అడిగితే ఆధారం ఉండాలని. మంచి సలహా.

ఫోటోల అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్ళు (సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్‌లు) ఉన్నాయి, అక్కడ బొమ్మలు తప్ప ఇంకేం ఉండకూడదు. ఒక జిప్, దాన్ని విప్పిన ఫోల్డర్, అదే ఆ దొంగ బ్యాంక్ పేజీ. వాటి తేదీలు చూస్తే రెండేళ్ళ కిందటివి అన్నట్టు కనపడ్డాయి, ఎందుకంటే ఫైల్ మార్చిన తేదీని ఎవరైనా టచ్ కమాండ్‌తో వెనక్కి నెట్టేయొచ్చు. సీటైమ్ అని ఇంకోటి ఉంటుంది, ఫైల్ వివరాలు చివరిసారి మారినప్పుడు సిస్టమే వేసుకునే టైమ్, దాన్ని అంత తేలిగ్గా మార్చలేరు, దాంతో వెతికితే అసలు సంగతి బయటపడింది, అన్నీ ఆ వారంలో వచ్చినవే. క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి పనులు వాటంతటవే నడిపే ఏర్పాటు) కూడా ఒక లైన్ పెట్టాడు, మనం ఫైళ్ళు తీసేసినా కొద్ది నిమిషాల్లో మళ్ళీ దించుకునేలా. అది చూడకుండా ఫైళ్ళు మాత్రం తీసేసి అయిపోయింది అని రాసేవాళ్ళకి రెండోసారి సస్పెన్షన్ అందుకే వస్తుంది.

లోపలికి వచ్చిన దారి ఒక గ్యాలరీ ప్లగిన్, అంటే ఫోటోలు చూపించడానికి వర్డ్‌ప్రెస్‌కి తగిలించిన అదనపు ముక్క. దాన్ని రాసినవాళ్ళు వదిలేశారు, వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల డైరెక్టరీలోంచి కూడా తీసేశారు. మా డ్యాష్‌బోర్డ్‌లో మాత్రం అన్నీ అప్‌డేట్ అయ్యే ఉన్నాయనే కనపడేది, కొత్త వెర్షనే రాని దానికి అప్‌డేట్ ఏముంటుంది. యాక్సెస్ లాగ్‌లో ఆ ప్లగిన్ ఫైల్ మీదికి పోస్ట్ రిక్వెస్టులు (బయటి నుంచి సైట్‌కి డేటా పంపేవి), వెంటనే కొత్త ఫైల్ పుట్టడం, వరసగా దొరికాయి. ఇప్పుడు నెలకోసారి ప్రతి ప్లగిన్ పేజీకి వెళ్ళి అది ఇంకా బతికుందా లేదా చూస్తున్నాం.

ఈ మొత్తంలో నన్ను ఎక్కువ కదిలించింది ఇంకోటి. ఆ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ ఉంది, ఆ దొంగ పేజీలో జనం టైప్ చేసినవి అందులో పడుతున్నాయి. ఎవరెవరివో యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు. ఫైల్ తెరిచి మొదటి లైన్ చూడగానే మూసేశా, చేతులు వణికాయి. దాన్ని ఏం చేయాలో ఒక్కదాన్నే నిర్ణయించుకోకుండా అబ్యూస్ టీమ్‌ని అడిగా, ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, కాపీలు పెట్టుకోవద్దు, ఆ బ్యాంక్‌కి ఫిషింగ్ రిపోర్ట్ చేసే అడ్రస్ ఉంటుంది, వాళ్ళకి ఇలా ఒక ఫైల్ ఉందని చెప్పండి, సురక్షితంగా ఎలా పంపాలో వాళ్ళే చెప్తారు అన్నారు. అలాగే చేశాం. అంతదాకా సైట్ ఎప్పుడు ఆన్ అవుతుందా అనే ఆలోచనే, ఆ లైన్ చూశాక మాత్రం వాళ్ళు గడువు దాకా ఆగకుండా ఆపేయడం మంచిదైంది అనిపించింది. మేము నిద్రపోతున్న ఆ రాత్రంతా ఇంకెంతమంది పేర్లు ఆ ఫైల్‌లో చేరేవో.

దాతల డేటాబేస్‌ని వాడు ముట్టుకున్నాడా లేదా అన్నది మాకు ఇంకో భయం. వార్తల సైట్ వేరే యూజర్ కింద, వేరే డేటాబేస్ పాస్‌వర్డ్‌తో నడిచేది, లాగ్స్‌లో అటువైపు వెళ్ళిన జాడ కనపడలేదు. అయినా అన్ని పాస్‌వర్డ్‌లూ, ఎస్‌ఎస్‌హెచ్ కీలూ, వర్డ్‌ప్రెస్ సాల్ట్‌లూ (లాగిన్లని కాపాడే రహస్య కోడ్‌లు) మార్చేశాం, దాతలందరికీ ఏం జరిగిందో ఉన్నదున్నట్టు తర్వాత మెసేజ్ పెట్టాం.

శనివారం మధ్యాహ్నానికి రిపోర్ట్ పంపా. ఈసారి కోపం లేదు, ఒక పేజీ మించలేదు. ఏ ప్లగిన్ నుంచి వచ్చాడు, లాగ్ లైన్లు ఇవి, తీసేసినవి ఇవి, ఆ సైట్‌ని మొత్తం చెరిపేసి శుభ్రమైన కాపీతో కొత్త సర్వర్ మీద కడుతున్నాం, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపేశాం, మెయిల్ బయటికి వెళ్ళే లెక్కకి పరిమితి పెట్టాం. జవాబు రాత్రికి వచ్చింది, నెట్‌వర్క్ తెరిచారు. హమ్మయ్య అనుకున్నా కానీ చివర్లో ఒక ప్రశ్న ఉంది, మీ సర్వర్ నుంచి మెయిళ్ళు కూడా ఎక్కువగా వెళ్తున్నట్టు ఉంది, ఆ అందుకునేవాళ్ళు మీ లిస్ట్‌లోకి ఎలా చేరారో చెప్పండి అని. జవాబిచ్చేదాకా పోర్ట్ 25, అంటే సర్వర్ నుంచి మెయిళ్ళు బయటికి వెళ్ళే దారి, మూసే ఉంటుందట.

ఇది నేను అస్సలు ఊహించలేదు. దాతలకి పంపే మెయిళ్ళు, అదీ ఉచిత సేవ, స్పామ్ ఎలా అవుతుంది అనుకుంటాం కదా, కానీ పాలసీలో ఉన్నది మనం మంచివాళ్ళమా కాదా అని కాదు, అందుకునే మనిషి ఒప్పుకున్నాడా లేదా అని, ఒప్పుకున్నట్టు మన దగ్గర రికార్డు ఉందా అని. సైట్‌లో నమోదైన వాళ్ళకి టిక్ పెట్టిన తేదీ, కన్ఫర్మేషన్ లింక్ నొక్కిన టైమ్ అన్నీ ఉన్నాయి, అవి పంపించాం. క్యాంపుల్లో కాగితం ఫారాల మీద మెయిల్ రాసిచ్చిన వాళ్ళ సంగతి వేరు, ఆ ఫారంలో మెయిల్ అనే గడి ఉంది కానీ మెయిళ్ళు పంపొచ్చా అన్న మాట లేదు. పైగా చేతిరాత తప్పుగా చదివి ఎక్కించినవి కొన్ని వేరే ఎవరికో వెళ్తున్నాయి, ఫిర్యాదులు వచ్చింది అక్కడి నుంచే. ఆ లిస్ట్‌ని పక్కన పెట్టి, మళ్ళీ ఒప్పుకున్న వాళ్ళకే పంపుతామని రాశాం. ఒప్పుకుంటారా అని అడగడానికి కూడా పాత లిస్ట్‌కి ఒకేసారి మెయిల్ కొట్టొద్దని చెప్పారు, అందుకని ఫోన్లు చేసి అడుగుతున్నాం. సోమవారం పోర్ట్ 25 తెరిచారు.

సర్వర్ తిరిగి రావడం తేలికైన భాగం, అసలు ఓపిక కావాల్సింది ఆ తర్వాతే. మా ఐపీ ఒకటి రెండు బ్లాక్‌లిస్టుల్లో ఉంది, అందువల్ల మెయిళ్ళు బౌన్స్ అవుతున్నాయి, ఎందుకు బౌన్స్ అయిందో ఆ తిరిగొచ్చిన మెసేజ్‌లోనే లిస్ట్ పేరు, లింక్ ఉంటాయి, దాన్ని చివరిదాకా చదవండి. స్పామ్‌హాస్ లాంటి పెద్ద బ్లాక్‌లిస్టుల వాళ్ళు పేరు తీయడానికి డబ్బు తీసుకోరు, కారణం సరిచేశాక ఫారం నింపితే చూస్తారు. సరిచేయకుండా రిక్వెస్ట్ పెడితే మళ్ళీ ఎక్కుతాం, తర్వాతి రిక్వెస్ట్‌ని అంత తేలిగ్గా నమ్మరు. ఇంకో లిస్ట్ వాళ్ళు త్వరగా తీయాలంటే డబ్బు కట్టమన్నారు. హోస్టింగ్ వాళ్ళు కట్టొద్దు, కొత్త ఫిర్యాదు లేకపోతే దానంతటదే పోతుంది అన్నారు, అలాగే పోయింది. ఐపీ మార్చేసుకుంటే అయిపోదా అని మా వాళ్ళు ఒకరు అడిగారు. బ్లాక్‌లిస్ట్ తప్పించుకోవడానికి ఐపీలు మార్చడం కూడా పాలసీలో నిషేధమే, అందుకే మేము కొత్త సర్వర్ తీసుకునే ముందే ఎందుకు మారుతున్నామో టికెట్‌లో రాసి ఒప్పుకోలు తీసుకున్నాం.

బ్రౌజర్‌లో ఎర్ర పేజీ ఇంకో కష్టం. వార్తల సైట్ తెరిస్తే ఇది మోసపూరిత సైట్ అని హెచ్చరిక, దాతలు ఫోన్లు చేసి భయంగా అడిగారు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సెక్యూరిటీ ఇష్యూస్ అనే చోట ఏం సరిచేశామో రాసి రివ్యూకి పెట్టాలి. బుధవారానికి ఆ ఎర్ర పేజీ పోయింది, కొంతమంది ఫోన్లలో ఉన్న యాంటీవైరస్‌లు మాత్రం ఇంకో వారం దాకా అడ్డుకుంటూనే ఉన్నాయి, వాటికి ఒక్కోదానికి విడిగా రాయాల్సి వచ్చింది.

మెయిళ్ళు ఇన్‌బాక్స్‌లోకి రావడం ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉన్నాయా అని ఈ సందర్భంగా మళ్ళీ చూసుకున్నాం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద ఎత్తున పంపేవాళ్ళకి ఈ మూడూ తప్పనిసరి చేశాయి, ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. జీమెయిల్ లెక్కలో పెద్ద ఎత్తు అంటే రోజుకి 5000 మెయిళ్ళు, మేము అంత పంపం, అయినా అన్నీ పెట్టేశాం. డొమైన్‌లో అబ్యూస్, పోస్ట్‌మాస్టర్ అనే పేర్లతో మెయిల్‌బాక్స్‌లు కూడా తెరిచాం, ఫిర్యాదు చేయాలనుకునేవాళ్ళు మొదట వెతికే అడ్రస్‌లు అవేనట, ఇవి ఉండాలని 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2142 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో ఒకటి) లోనే ఉంది. ఫిర్యాదు ముందు మన దగ్గరికే వస్తే హోస్టింగ్ కంపెనీ దాకా వెళ్ళకముందే సరిచేసుకునే వీలుంటుంది.

ఖర్చుల సంగతి. సైట్ శుభ్రం చేసే సర్వీస్ వాళ్ళని అడిగితే మా ఏడాది హోస్టింగ్ బిల్లు కంటే ఎక్కువ చెప్పారు, సొంతంగా చేసుకున్నాం. పాత సర్వర్, కొత్త సర్వర్ రెండిటికీ ఒక నెల అద్దె కట్టాం, స్నాప్‌షాట్ దాచినందుకు కొంత. సస్పెన్షన్‌లో ఉన్న రోజులకి బిల్లు తగ్గించరు, అప్‌టైమ్ గ్యారంటీ కింద వచ్చే క్రెడిట్ కూడా పాలసీ ఉల్లంఘనతో ఆగిన టైమ్‌కి వర్తించదు, ఇవన్నీ పాలసీలో స్పష్టంగా ఉన్నాయి. ఉల్లంఘనలు మళ్ళీ మళ్ళీ జరిగితే రిఫండ్ లేకుండా అకౌంట్ మూసేస్తారు, మూశాక డేటా దించుకోవడానికి టైమ్ ఇస్తారన్న హామీ మా కంపెనీ పాలసీలో లేదు, బ్యాకప్ బాధ్యత కస్టమర్‌దే అని ఉంది. రోజూ వేరే చోటికి బ్యాకప్ వెళ్ళేలా పెట్టాం, అయితే ఇన్ఫెక్ట్ అయిన వారం కాపీలు పనికిరావు కాబట్టి కనీసం రెండు నెలల పాతవి కూడా ఉంచుతున్నాం.

ఇదంతా అయ్యాక కూర్చుని పాలసీ మొత్తం చదివా, మహా అయితే అరగంట పట్టింది. స్పామ్, ఫిషింగ్ అందరికీ తెలిసినవే. నేను అనుకోనివి కొన్ని ఉన్నాయి. పర్మిషన్ లేకుండా వేరేవాళ్ళ సర్వర్లని పోర్ట్ స్కాన్ చేయకూడదు, అంటే ఏ తలుపులు తెరిచి ఉన్నాయో తట్టి చూడకూడదు, నేర్చుకోవడానికి అయినా సరే. క్రిప్టో మైనింగ్ వద్దు. షేర్డ్ హోస్టింగ్‌ని సొంత ఫైళ్ళ గోడౌన్‌లా వాడకూడదు, అన్‌లిమిటెడ్ అని రాసినా ఫైళ్ళ సంఖ్య మీద పరిమితి ఉంటుంది. డీఎన్‌ఎస్ రిజాల్వర్‌ని (సైట్ పేరుకి ఐపీ వెతికిచ్చే ప్రోగ్రామ్), మెమ్‌క్యాష్డ్‌ని (సైట్ వేగం కోసం డేటాని మెమరీలో దాచే ప్రోగ్రామ్) బయటి ప్రపంచానికి తెరిచి పెట్టకూడదు. ఈ చివరిది మొదట చిన్న విషయంలా అనిపించింది, తర్వాత చదివితే తెలిసింది, 2018 ఫిబ్రవరిలో గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైట్) మీద సెకనుకి 1.35 టెరాబిట్ల దాడి జరిగింది ఇలా తెరిచి వదిలేసిన మెమ్‌క్యాష్డ్ సర్వర్ల ద్వారానే. ఆ సర్వర్ల యజమానులు ఎవరూ దాడి చేయాలని పెట్టినవాళ్ళు కాదు. మా సర్వర్‌లో మెమ్‌క్యాష్డ్ వాడే యూడీపీ పోర్ట్ 11211 మూసి ఉందో లేదో ఆరోజే చూశా, మూసే ఉంది.

ఇప్పుడు నోటీసులు ముగ్గురికి వెళ్తాయి, అందులో ఒకరు రాత్రి షిఫ్ట్‌లో పనిచేసే అమ్మాయి, ఏ టైమ్‌కి వచ్చినా ఎవరో ఒకరు చూస్తారు. చూసిన వెంటనే చేయాల్సింది ఒక్క లైన్ జవాబు, చూశాం, పని మొదలుపెట్టాం, ఫలానా టైమ్‌కి మళ్ళీ రాస్తాం అని. అబ్యూస్ టీమ్ ఆవిడని చివర్లో అడిగా, అలాంటి ఒక్క లైన్ ఉంటే ఆరోజు ఆపేవారు కాదా అని. ఫిషింగ్ పేజీని ఎలాగూ ఆపేవాళ్ళం, కానీ ఆ ఒక్క సైట్ వరకే మూసి మిగతా సర్వర్‌ని వదిలేవాళ్ళం అన్నారు.

పాత సర్వర్‌ని నెలాఖరుకి క్యాన్సిల్ చేశాం, టికెట్ క్లోజ్ అయింది. కాగితం ఫారాల లిస్ట్‌కి ఫోన్లు ఇంకా నడుస్తున్నాయి, చాలామంది మెయిల్ వద్దు, రక్తం కావాలంటే ఫోన్ చేయండి చాలు అంటున్నారు, వాళ్ళ పేరు పక్కన అలాగే రాసుకుంటున్నాం.